నూనె చుక్క

కంప్యూటరు కార్డు వారంటీవాళ్లు పంపిన మెసేజీని ఆరీఫా మూడోసారి పైకి చదివింది.

“ఫ్యాను మీది స్టిక్కరు ఊడదీసినారు. లోపల నూనె పోసినారు. ఆ నూనె బోర్డు మీదికి దిగి కార్డు చెడిపోయింది. కాబట్టి వారంటీ లేదు. ఇంగ్లీషులో ఉండేదాన్ని తెలుగులో చెప్తాండా, అందరికీ అర్థం కావల్లని. ఊడదీసినారంట. ఎవురు ఊడదీసినారు?”

వంటింటి గడప దగ్గర బియ్యం చెరుగుతున్న తల్లి జైతూన్ బీ చేట ఆగిపోయింది. చాప మీద కూర్చుని ఉగ్గాని తింటున్న తండ్రి మీరావలికి బొరుగు గొంతులో అడ్డం పడింది. దగ్గితే కూతురు తనవైపు చూస్తుందని దగ్గును కూడా మింగేశాడు.

కొడుకు అమాన్ మాత్రం గోడకానుకుని ఫోనులో మునిగి ఉన్నాడు. తల ఎత్తి అక్కవైపు ఒక్కసారి చూసి ఉంటే గొడవ అంతదూరం పోయేది కాదేమో.

“రేయ్, నిన్నే.”

“నన్నని ఎట్ల తెలుసు? పేరు పెట్టి పిలిస్తివా?”

“నా కంప్యూటరు మీద చెయ్యేసేది ఈ ఇంట్లో ఇంకెవురుండారు? తుపాకుల ఆట ఆడేది నువ్వా, అమ్మా?”

“ఆడినా. ఆడలేదని ఎప్పుడన్నా అంటినా? ఆడినోడల్లా విప్పుతాడా? ఆ కార్డు ముందర ఎట్లుంటాదో, ఎనక ఎట్లుంటాదో కూడా నాకు తెల్దు.”

“నాయన షెడ్డులో మూడేండ్లుగా బోరు మోటార్లు విప్పుతాండావు. బొటనవేలంత ఫ్యాను విప్పేది తెల్దంటే నమ్మల్నా?”

“అట్లయితే నాయన్ని కూడా అడుగు. నాకంటే ఎక్కువ విప్పింది నాయనే.”

అమాన్ అది కోపంలో అన్న మాట. దానికి వాడి దగ్గర ఏ ఆధారమూ లేదు. అయినా మీరావలి చేతిలోని ముద్ద జారి పళ్లెంలో పడింది.

“నాయన్ని దీంట్లోకి లాగొద్దు,” అంది ఆరీఫా. “నాయన చేసింటే చేసినా అని చెప్తాడు.”

తేలు కుట్టిన దొంగ అరవలేడు. మీరావలి పళ్లెంలోకి చూస్తూ పచ్చిమిరపకాయ ముక్కలు ఏరి ఒక పక్కకు పెట్టడం మొదలుపెట్టాడు. జన్మలో ఎన్నడూ ఆయన ఉగ్గానిలో మిరపకాయ ఏరింది లేదు.

అమాన్ లేచి చొక్కా తగిలించుకున్నాడు. “నేను చేయల్యా. వెయ్యిసార్లు అడిగినా అదే మాట. నీకు ఎవురో ఒకరు దొంగ కావల్ల, అంతే గదా? సోమందేపల్లోళ్లు నీకు చేసిందే నువ్వు నాకు చేస్తాండావు.”

వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆరీఫా ముఖం పాలిపోయింది. ఆమె తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆ ఇంట్లో సోమందేపల్లె పేరు ఎవరూ ఎత్తరు. అది ఆరీఫా మెట్టినూరు. రెండేళ్ల కిందట అక్కడ అత్త ఉంగరం కనబడకపోతే కోడలే తీసిందన్నారు. మొగుడూ ఆ మాటే అన్నాడు. మీరావలి ఒక్కడే పోయి పదిమంది మధ్య నిలబడి, “నా బిడ్డ తీయలేదంటే తీయలేదు” అని, ఆమెను బస్సెక్కించి తమ ఊరు బుక్కరాయసముద్రం తీసుకొచ్చాడు. ఉంగరం ఆ తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది. దొరికిందన్న కబురు వచ్చింది గానీ, తప్పయిందన్న మాట ఇంతవరకూ రాలేదు.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆరీఫా పెద్దగా మాట్లాడలేదు. ఆమెకు మళ్లీ గొంతు వచ్చింది ఈ ఉద్యోగంతోనే. బెంగళూరు కంపెనీ ఒకటి ఇంటికే కంప్యూటరు పంపించింది. ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే బొమ్మ వేసి చూపించడం ఆమె పని. పునాది కూడా పడని ఇంటికి నా బిడ్డ కర్టెన్లు కడుతుందని జైతూన్ బీ వీధిలో గొప్పలు పోయేది. ఆ బొమ్మలన్నీ వేసేది కంప్యూటరు లోపలుండే గ్రాఫిక్స్ కార్డు. అది వేడెక్కకుండా దాని మీద చిన్న ఫ్యాన్లు తిరుగుతాయి. వాటిలో నడిమి ఫ్యాను పోయిన నెలలో కిర్రుమనడం మొదలుపెట్టింది.

మీరావలికి అక్కడే పట్టుకుంది పీడ.

అనంతపురం నేలలో బోర్లు ఎండేకొద్దీ మోటార్లు కాలుతాయి. మోటార్లు కాలేకొద్దీ మీరావలికి చేతినిండా పని. గార్లదిన్నె దాకా రైతులు ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. పైపుకు చెవి ఆనిస్తే చాలు, ఆరువందల అడుగుల లోతున మోటారుకు ఏం జబ్బో చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో, పక్క గదిలో, పగలంతా ఒక బేరింగు మూలుగుతుంటే ఆయనకు అన్నం సయించేదా?

దాన్ని ముట్టకండి, మేమే వారంటీలో బాగు చేయిస్తాం అన్నారు కంపెనీవాళ్లు. ఆరీఫా వాళ్లు ఫోనులో చెప్పినట్టే కార్డు ఊడదీసి, అట్టపెట్టెలో పెట్టి, బల్ల మీద ఉంచింది. పొద్దున్నే టౌనులో వారంటీ సామాను తీసుకునే కౌంటరులో ఇవ్వాలి. ఆ పొద్దున నమాజు చేసుకుని వచ్చిన మీరావలికి పెట్టె కనబడింది. జబ్బు మనిషిని నాడి కూడా పట్టి చూడకుండా ఊరు దాటించినట్టు అనిపించింది ఆయనకు. టేపు విప్పాడు, స్టిక్కరు లేపాడు, సిరంజితో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాడు. వేలితో తిప్పి చూస్తే ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. ఇక దీన్ని ఎక్కడికీ పంపే పని లేదమ్మా అని చెబితే కూతురి ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ పెట్టె మళ్లీ మూసేశాడు.

చెప్పబోయేంతలో గదిలోంచి ఆరీఫా గొంతు వినిపించింది, ఫోనులో ఎవరికో చెబుతోంది: “ఎవురూ ముట్టలేదు మేడం. మా ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పినా.”

ఆ పూట మూసుకున్న ఆయన నోరు పది రోజులైనా తెరుచుకోలేదు. రేపు చెబుదాం, బాగై వచ్చాక చెబుదాం, నవ్వుతూ చెబుదాం అనుకున్నాడు. ఇప్పుడిక నవ్వుతూ చెప్పే కాలం దాటిపోయింది.

“ఇదో, ఇట్ల రా,” అని వంటింట్లోంచి పిలిచింది జైతూన్ బీ.

మీరావలి పళ్లెం తీసుకుని పోయాడు. ఆమె కొళాయి తిప్పి, గిన్నె మీద నీళ్లు చప్పుడు చేస్తూ పడేలా పెట్టి, గొంతు తగ్గించింది.

“ఆ పొద్దు నువ్వు చేసింది నేను చూసినా.”

“చూసినావా?”

“కండ్లద్దాలు పెట్టుకొని, పసిబిడ్డ చెవిలో మందు పోసినట్ల పోస్తాంటివి. నేను నీళ్లకు లేసినా.”

“మరి అప్పుడే వద్దని చెప్పకూడదా?”

“నాకేం తెలుసు వద్దని? నువ్వు చేస్తే మంచే చేస్తావనుకుంటి.”

మీరావలి పళ్లెం కింద పెట్టి, “పోయి చెప్పేస్తా. పిల్లోడు అన్యాయంగా మాట పడినాడు,” అన్నాడు.

“గమ్మునుండు.”

“జైతూనూ...”

“గమ్మునుండు అంటాండా గదా. అమాన్ మీద పడితే పడనీ. అక్కా తమ్ముడు కొట్టుకుంటారు, మళ్ల పండక్కి ఒక తట్టలో తింటారు. నీ మీద పడితే ఆ పిల్లకు ఇంకెవురుండారు? సోమందేపల్లెలో ఊరంతా దొంగంటే, కాదని నువ్వొక్కడివే అంటివి. ఆ ఒక్క మాట మీద నిలబడుకొని ఉండాది అది. దాని కాళ్ల కింద నుంచి అది కూడా లాగేస్తావా?”

ఆ మాట వినగానే మీరావలికి హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే హాయే ఎక్కువసేపు ఉంది. చెప్పకుండా ఉండటానికి ఒక మంచి కారణం దొరికింది కదా, అది కూడా పెళ్లాం నోటి నుంచి.

“నాయనా, ఒకసారి రా!” అని అంతలోనే ఆరీఫా కేక వినిపించింది.

గదిలో ఫోను స్పీకరు మీద ఉంది. అవతల మాట్లాడుతున్నది బెంగళూరులో ఆరీఫా పై ఆఫీసరు పద్మజ. మీరావలి ఆమెను చూసింది లేదు. గొంతు మటుకు బాగా తెలుసు. గట్టిగా అరవదు, నెమ్మదిగానే అడుగుతుంది. ఆ నెమ్మదంటేనే మీరావలికి భయం.

“ఆరీఫా, సూటిగా అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరైనా విప్పారా? విప్పి ఉంటే ఇప్పుడే చెప్పెయ్. నేను కోప్పడను. కాకపోతే కంప్యూటరు వెనక్కి తెప్పించుకుంటాం. ఇంటి నుంచి పని ఇక కుదరదు. ఆ రూలు నేను మార్చలేను.”

“ఎవురూ ముట్టలేదు మేడం.”

“మీ తమ్ముడు ఆటలాడతాడని ఒకసారి అన్నావు.”

ఆరీఫా తలుపువైపు చూసింది. అరగంట కిందట తమ్ముణ్ని దొంగను చేసింది తనే.

“వాడు ఆటలాడతాడు మేడం. విప్పలేదంటే విప్పినోడు కాదు. నేనే తొందరపడి అరిచినా వాని మీద.”

“మరి ఎవరు విప్పినట్టు?”

“కౌంటరు దగ్గర ఉండాడు గదా మేడం, సురేంద్ర అని. పెట్టె ఇచ్చినాక ఆయప్ప దాన్ని లోపలికి తీసుకొని పోయినాడు. పది నిమిషాలు బయటికి రాలేదు. నాకు ఇప్పుడు గుర్తుకొస్తాంది.”

“అయితే ఫిర్యాదు రాసివ్వు. పెట్టె మీ ఇంట్లోంచి ఎవరూ ముట్టకుండా వెళ్లిందని ఇంకొకరు సాక్షి సంతకం చేయాలి. కార్డు కౌంటరుకు తిరిగొచ్చిందిగా, వెళ్లి తీసుకుని, ఆ అబ్బాయి ఏమంటాడో విని, కాగితం నాకు ఫొటో తీసి పంపు. వాళ్ల పైవాళ్లకు పంపిస్తాను. అతని ఉద్యోగం సంగతి వాళ్లు చూసుకుంటారు. సాక్షి ఎవరు?”

“మా నాయన మేడం. మా నాయన మాటంటే బుక్కరాయసముద్రంలో స్టాంపు పేపరు కంటే గట్టి.”

ఆమె అది అంటూ తండ్రిని చూసి నవ్వింది. రెండేళ్లలో ఆ నవ్వు ఎన్నిసార్లు చూశాడో మీరావలి వేళ్ల మీద చెప్పగలడు.

కాగితం మీద నాలుగు వరుసలు రాసి కూతురు పెన్ను చేతికిచ్చింది. ఇక్కడ చెప్పెయ్యి, ఇంతకంటే మంచి సమయం రాదు అని లోపలినుంచి ఎవరో పొడుస్తున్నారు. తలుపు దగ్గర జైతూన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, తల అడ్డంగా ఊపుతోంది. మీరావలి కాగితం మీదికి వంగి తన పేరులోని నాలుగక్షరాలూ రాశాడు. బడి మానేశాక అంత నిదానంగా ఆయన ఎప్పుడూ రాయలేదు.

“ఇంత గడగడ వణుకుతాండావేంది నాయనా?”

“షుగరు మాత్ర వేసుకోలే,” అన్నాడు. అదీ అబద్ధమే. ఒకటి నోట్లోంచి వచ్చాక రెండోదానికి దారి సులువు.

పదకొండు గంటల ఎండలో మోపెడ్డు చెరువు కట్ట ఎక్కింది. చెరువులో నీళ్లు ఒక మూలకు ముడుచుకున్నాయి. మిగిలినదంతా నెర్రెలు బారిన ఒండ్రు. వేడిగాలి ముఖానికి కొడుతోంది. వెనక ఆరీఫా ఒక చేత్తో కాగితం ఉన్న సంచి పట్టుకుని, ఇంకో చెయ్యి తండ్రి భుజం మీద వేసింది.

“నాయనా, ఆ సురేంద్ర ఉద్యోగం పోతే పాపమా?”

మీరావలి వినబడనట్టు బండి పోనిచ్చాడు.

“పోతే పోనీ అనిపిస్తాంది నాకు,” అంది ఆమె చెవి దగ్గరికి వంగి. “చేసి చేయలేదంటే ఎట్ల? అట్లాంటోళ్లను చూస్తే నాకు సోమందేపల్లె గుర్తుకొస్తాది.”

అప్పుడు మీరావలికి ఇంకో సంగతి తట్టింది. తట్టగానే బండి హ్యాండిలు ఊగింది.

తన చేత్తో విప్పిన ప్రతి మోటారుకూ, మళ్లీ బిగించాక ఆయన ఎర్ర చుక్క ఒకటి పెడతాడు. అది మామూలు ఆడపిల్లల గోళ్లరంగు. చిన్న సీసా ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. గోళ్లరంగు పెట్టుకుని తిరిగే మెకానిక్కు అని ఆటోవాళ్లు ఆటపట్టించినా మానలేదు. చెడిపోయిన మోటారు మళ్లీ షెడ్డుకు వస్తే, నేను విప్పలేదని తప్పించుకోవడానికి వీల్లేకుండా ఆయన తనకు తానే పెట్టుకున్న కట్టుబాటు అది. ముప్ఫై ఏళ్లుగా తప్పలేదు.

ఆ పొద్దున కార్డుకు చుక్క పెట్టాడా?

స్టిక్కరు అద్దినట్టు గుర్తుంది. బొటనవేలితో ఒత్తినట్టు గుర్తుంది. చుక్క పెట్టినట్టు గుర్తులేదు. పెట్టనట్టూ గుర్తులేదు. తాళం వేసి నాలుగడుగులు వేశాక వేశామో లేదో అని వెనక్కి తిరుగుతామే, అలా ఆయన మనసు ఆ పొద్దుటి దగ్గరికి పదిసార్లు తిరిగి పోయింది. ఒకసారి పోతే చుక్క ఉంది, ఇంకోసారి పోతే లేదు.

“నాయనా, లారీ!” అని ఆరీఫా అరిచింది. మీరావలి బండిని పక్కకు తిప్పాడు. ఆ లారీ కింద పడినా ఈ పూట గడిచిపోయేదే అని ఒక పాడు ఆలోచన వచ్చింది. వెనక బిడ్డ ఉందని గుర్తొచ్చి వెంటనే వేగం తగ్గించాడు.

కౌంటరు ఒక పాత మేడ మీద, ఇరుకు గదిలో ఉంది. సురేంద్ర ముప్ఫై ఏళ్ల సన్నటి మనిషి. ఆరీఫాను చూడగానే లేచి నవ్వాడు. కాగితం చదివాక ఆ నవ్వు ఏమైందో తెలియదు.

“నేనా మేడం? నేను విప్పినానా?”

“పెట్టెను లోపలికి ఏంటికి తీసుకొనిపోయినావు?”

“తూకం లోపలుండాది మేడం. బరువు చూసి కొరియరుకు రాయల్ల.”

“తూకానికి పది నిమిషాలా?”

“కరెంటు పోయింది. మీరే అంటిరి గదా, ‘టౌన్లో కూడా పోతాదా’ అని. నేను నవ్వితి.”

ఆరీఫా కనుబొమలు కలిశాయి. ఆ మాట తను అన్నట్టే గుర్తుకు వస్తోంది. అయినా వెనక్కి తగ్గలేదు.

“కరెంటు లేనప్పుడే విప్పినావేమో, ఎవురికి తెలుసు?”

“చీకట్లో స్టిక్కరు లేపి నూనె పోసే పనితనం ఉంటే నేను ఈ కౌంటర్లో ఏంటికుంటా మేడం?” కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. “ఇది పైకి పోతే నన్ను అడగను కూడా అడగరు. రేపట్నుంచి రావద్దంటారు.” అతను మీరావలివైపు తిరిగాడు. “పెద్దాయనా, సంతకం మీదే గదా. మీరన్నా చెప్పండి. పెట్టె మీ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మీరు చూసినారా? ఎవురూ ముట్టలేదా?”

ఇద్దరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఈ పిల్లవాడి కళ్లలోని భయం ఆయనకు బాగా తెలిసినదే. ఉంగరం పోయిన రోజు కూతురి కళ్లలో చూశాడు. ఆ రోజు ఎదురు నిలబడి మాట్లాడిన నోరు ఇదేనా అనుకున్నాడు.

“చూసినా,” అన్నాడు. “ఎవురూ ముట్టలే.”

సురేంద్ర తల దించుకుని లోపలికి పోయి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. కత్తెర తీశాడు.

“తిరిగొచ్చిన సామాను మీ ముందరే విప్పల్ల. చూసుకొని సంతకం పెట్టండి.”

“ఇప్పుడేంటికప్పా?” మీరావలి పెట్టె మీద చెయ్యి వేశాడు. “ఇంటికాడ చూసుకుంటాంలే. ఎండ ముదురుతాంది. పద పాపా.”

“ఉండు నాయనా. విప్పనీ.”

“ఏముంటాది చూసేదానికి? చెడిపోయిందని చెప్పినారు గదా...”

“నాయనా, చెయ్యి తీయి.”

ఆయన చెయ్యి తీశాడు. టేపు చిరిగింది. సురేంద్ర నల్లటి కార్డును రెండు చేతులతో ఎత్తి, ఫ్యాన్లు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టాడు. నడిమి ఫ్యాను చుట్టూ నూనె మరక జిడ్డుగా మెరుస్తోంది. దాని నడుమ గుండ్రటి స్టిక్కరు. ఆ స్టిక్కరు అంచున, ఆవగింజంత, ఎర్రటి చుక్క.

ఆరీఫా దాన్ని చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి షెడ్డులో తండ్రి ఒడిలో కూర్చుని, “నేను పెడతా నాయనా, నేను పెడతా,” అని ఆ చుక్కలు ఎన్ని పెట్టిందో ఆమెకే తెలియదు. ఆమె చూపుడువేలు చుక్క దాకా పోయి, ముట్టకుండా ఆగింది.

“నేనే పాపా,” అన్నాడు మీరావలి.

“ఏముండాది మేడం దాంట్లో?” సురేంద్రకు ఏమీ అర్థం కాలేదు.

“ఏం లేదన్నా,” అందామె. కాగితాన్ని మడిచి, ఇంకోసారి మడిచి, పిడికిట్లో పట్టుకుంది. తండ్రివైపు తిరగకుండానే అడిగింది. “ఈ చుక్క లేకపోయింటే?”

మీరావలి చొక్కా జేబులోని రంగు సీసాను తడుముకున్నాడు.

“ఈ కాగితం పోయి, ఈ అన్నను పనిలోంచి తీసేసింటే, అప్పుడన్నా చెప్పింటివా నాయనా?”

చెప్పేవాణ్ని అనాలనుంది. గట్టిగా అనాలనుంది. కానీ చెప్పేవాడో లేదో ఆయనకే తెలియదు. ఈ పది రోజుల్లో మీరావలి తన గురించి తెలుసుకున్న కొత్త సంగతి అదే.

“భయమైంది పాపా.”

“ఎవురంటే? కంపెనీ అంటేనా?”

“నువ్వంటే.”

ఆరీఫా అప్పుడు తలెత్తింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. ఉంటే ఆయనకు తేలికయ్యేది.

“నేనంటేనా? నేనేం చేస్తాననుకుంటివి? నూనె పోసినావని ఇల్లు విడిచిపోతానా? నిన్ను కొడతానా? రెండు మాటలు అరిచి, ఏడ్చి, ఆ మేడంకు ఉండేదున్నట్లు చెప్పింటి. పని పోయింటే పోయింటాది. మా నాయన ఉండాడులే అనుకొనింటి.” ఆమె మళ్లీ ఆ చుక్కను చూసింది. “ఇప్పుడు ఏమనుకోల్ల?”

బల్ల మీద ఆమె ఫోను మోగింది. పద్మజ పేరు కనబడింది.

ఫోను నాలుగైదు సార్లు మోగింది. మీరావలి “ఏం చెప్తావు?” అన్నాడు. ఆ ప్రశ్న అడిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె జవాబు చెప్పకుండా ఫోను ఎత్తి, స్పీకరు నొక్కి, కార్డు పక్కనే పెట్టింది.

“ఆరీఫా, కౌంటరు దగ్గర ఉన్నావా? ఆ అబ్బాయి ఏమన్నాడు? ఫిర్యాదు ఫొటో తీసి పంపు, ఇక్కడ మెయిలు రాసి పెట్టుకుని కూర్చున్నాను.”

“ఫిర్యాదు లేదు మేడం. ఈ అన్న ముట్టలేదు.”

“మరి ఎవరు?”

“నేనే మేడం.”

మీరావలి బల్ల అంచు పట్టుకున్నాడు.

“స్టిక్కరు నేనే లేపినా. నూనె నేనే పోసినా. ఇన్నాళ్లు మీకు చెప్పిందంతా అబద్ధం.” ఒక్కో మాటా నిదానంగా, తండ్రి ముఖంలోకే చూస్తూ చెప్పింది. దొంగ, అబద్ధాలకోరు అన్న ముద్ర మోయలేక మెట్టినిల్లు వదిలి వచ్చిన పిల్ల, ఆ ముద్రను తన చేత్తోనే తన మీద వేసుకుంటోంది.

“ఏమన్నావ్?” పద్మజ గొంతు మారిపోయింది. “నువ్వా? మళ్లీ చెప్పు.”

ఆరీఫా మళ్లీ చెప్పలేదు. ఫోనును రెండు వేళ్లతో బల్ల మీద తండ్రి ముందుకు జరిపి, ఇక చెప్పాల్సింది నువ్వేనన్నట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

“హలో? వినిపిస్తోందా?” అంటోంది పద్మజ. “ఎవరైనా ఉన్నారా అక్కడ?”